చదువరి శ్రీశ్రీ

మహాకవి యనినంతనే తెలుగుదేశమున పిన్నల నోటను పెద్దల నోటను శ్రీశ్రీ పేరు వినవచ్చును. ఆయన గేయములను సభలలో చదువువారు కలరు. ఊరేగింపులలో పాడువారు కలరు. అక్షరజ్ఞానము లేనివారికి సైతము ఆయన మాటలు కొన్ని నోటికి వచ్చును. అయితే ఆ మహాకవి కవి కాకపూర్వమే చదువరియనియు, కడవరకు చదువరిగనే యుండిరనియు తలచుకొనువారు తక్కువ. ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిండి పండుగ చేసికొను వేళ స్మరింపదగినది ఆ చదువరి జీవితము. ఏలయన, ఆయన కథలో పుస్తకము లెంత ముఖ్యములో, ఆ పుస్తకములను పంచుకొన్న మిత్రులును అంత ముఖ్యులు.

శ్రీరంగం శ్రీనివాసరావుగారు 1910వ సంవత్సరమున విశాఖపట్టణమున జన్మించిరి. కన్నతండ్రి పూడిపెద్ది వెంకటరమణయ్యగారు గణితోపాధ్యాయులు. దత్తత వలన శ్రీరంగము వారి యింటిపేరు వచ్చెను. ఆ యింటిపేరులోని మొదటి అక్షరమును, తన పేరులోని మొదటి అక్షరమును కలిసి పిమ్మట శ్రీశ్రీ అయినవి. పసితనముననే తల్లి గతింపగా సవతితల్లి పెంచి పెద్దచేసిరి. ఏడెనిమిదేండ్ల ప్రాయముననే ఆయన పద్యములల్లుటకు పూనుకొనిరి. సులక్షణసారమను చిన్న ఛందోగ్రంథము ఆ బాలునికి గణములను, యతిప్రాసలను నేర్పెను. ఒక పుస్తకమే ఆయనకు తొలి గురువులలో ఒకటి యనవచ్చును.

ఆనాటి విశాఖపట్టణము నేటి మహానగరము కాదు. ఓడరేవు ఇంకను కట్టబడలేదు. పెద్ద ఓడలు దూరముగా సముద్రములోనే లంగరు వేయగా, సరకులను పడవలలో ఒడ్డునకు చేర్చెడివారు. ఉక్కు కర్మాగారము ఊహలోనైనను లేదు. అయినను చదువునకు ఆ పట్టణమున లోటు లేదు. ఏ.వి.ఎన్. కళాశాల పందొమ్మిదవ శతాబ్దమునుండియు నడచుచుండెను. విజ్ఞానశాస్త్రమున లోకప్రసిద్ధులైన సి.వి. రామనుగారి తండ్రి అచ్చటనే అధ్యాపకులు. రామనుగారును కొంతకాలము ఆ కళాశాలలో చదివినవారే. శ్రీశ్రీ నాలుగేండ్ల బాలుడుగా నున్నప్పుడు, 1914లో, బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారి కృషివలన ఊరూర పఠనాలయములు లేచినవి. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు భారతి మాసపత్రికను స్థాపించిరి. కొనగలిగినవారు కొందరే, కాని పఠనాలయమునకు వచ్చిన ఒక్క ప్రతిని పదిమంది చదివెడివారు. క్రొత్త కవిత్వము ఆ దారిని యువకుల చెంతకు చేరెను.

అట్టి యువకులు కొందరు విశాఖపట్టణమున కవితాసమితి యను పేర ఒక కూటముగా నేర్పడిరి. పురిపండా అప్పలస్వామిగారు ఆ కూటమునకు ప్రాణమువంటివారు. ఒరియా సాహిత్యమును తెలుగువారికి పరిచయము చేసినవారిలో వారు ముఖ్యులు. ఇట్టి సమితులకు భవనములు లేవు, ధనము లేదు. ఒకరికి దొరికిన పుస్తకము నలుగురి చేతులు మారును. ఒకరు వ్రాసిన పద్యమును నలుగురు విని మెచ్చుకొందురు, లేదా తప్పుపట్టుదురు. చదివినదానిని గూర్చి వాదించుటయే వారికి వినోదము. 1928లో శ్రీశ్రీ ప్రథమ కవితాసంపుటమైన ప్రభవను ఈ కవితాసమితియే ప్రచురించెను. అప్పటికి కవికి పదునెనిమిదేండ్లు మాత్రమే. పట్టణములోని చదువరులే కలిసికట్టుగా ఒక కవిని లోకమునకు చూపించిరన్నమాట.

ప్రభవలోని పద్యములు ఛందోబద్ధములు. కృష్ణశాస్త్రి, విశ్వనాథ మొదలైన నాటి కవులను భక్తితో చదివిన యువకుడు వానియందు కనబడును. తాను చదివి ప్రేమించినదానిని అనుకరించుట దోషము కాదు. ఆ దశలో ఆగిపోవుటయే దోషము. శ్రీశ్రీ ఆగిపోలేదు. అచ్చైన పుస్తకము చేత నుండగనే ఆయన మరల చదువునకు కూర్చుండిరి. ఆంగ్లమున స్విన్‌బర్న్ కవిని, అమెరికా కవియగు ఎడ్గార్ ఎలన్ పోను, ఫ్రెంచి కవియగు బోదిలేరును చదివిరి. ఈ చదువులోను ఆయన ఒంటరి కాదు. శ్రీరంగం నారాయణబాబు, విజయనగరములోని రోణంకి అప్పలస్వామి, చాగంటి సోమయాజులు ఆయనకు తోడుగ నుండిరి. వీరిలో రోణంకివారు పలుభాషలు నేర్చిన ఆంగ్లాధ్యాపకులు; నారాయణబాబు క్రొత్తపోకడల కవి; చాసో యను పేర ప్రసిద్ధులైన సోమయాజులుగారు కథకులు. ఒక్కొక్కరు ఒక్కొక్క దారి త్రొక్కిరి. కాని నలుగురును ఒకరి చదువును మరియొకరికి పంచినవారే.

ఇంతలో 1926లో బెజవాడయందు స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1930లో వాల్తేరునకు తరలివచ్చెను. దాని గ్రంథాలయమునకు అధికారిగా పనిచేసినవారు కవియు నాటకప్రియుడునగు అబ్బూరి రామకృష్ణారావుగారు. ప్రపంచ సాహిత్యమున కొత్తగా ఏమి జరుగుచున్నదో తెలిసిన ఆ పెద్ద సాంగత్యము శ్రీశ్రీకి మేలు చేసెను. గ్రంథాలయాధికారి యనగా బీరువా తాళములు కాచువాడు కాదనియు, ఏ పుస్తకము ఎవరికి అవసరమో గ్రహించువాడనియు అబ్బూరివారి జీవితము తెలుపుచున్నది.

దూరదేశపు కవులను చదివిన ఆ చూపుతోనే శ్రీశ్రీ తన జిల్లా కవిని క్రొత్తగా గుర్తించిరి. గురజాడ అప్పారావుగారు పూర్వపు విశాఖపట్టణము జిల్లాలోనివారే. విజయనగరమున జీవితము గడిపి 1915లో కీర్తిశేషులైరి. ఆయన ముత్యాలసరముల నడకను శ్రీశ్రీ తన గేయములకు తీసికొనిరి. తిక్కన, వేమన, గురజాడ యను మువ్వురే తన దృష్టిలో కవిత్రయమని పిమ్మట చాటిరి. పరదేశపు పుస్తకములు చదివినవారు ఇంటిని మరచిపోవుదురని కొందరి భయము. శ్రీశ్రీ విషయమున జరిగినది దానికి విరుద్ధము. లోకమంతయు తిరిగివచ్చిన చదువే ఆయనకు పొరుగింటి వెలుగును చూపినది.

చదువు కడుపు నింపునా యను ప్రశ్న ఆయనను విడువలేదు. మదరాసులో జంతుశాస్త్రము ప్రధానముగా చదివి 1931లో బి.ఏ. పట్టము పొందిరి. అవి 1929లో మొదలైన ఆర్థికమాంద్యము ప్రపంచమంతటను పాకిన దినములు. పంటలకు ధర లేదు. పట్టభద్రులకు పని లేదు. 1935లో ఏ.వి.ఎన్. కళాశాలలో ప్రయోగశాల డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగము దొరకెను. ఆ సంవత్సరములలోనే విశాఖ ఓడరేవు రూపొందెను. 1927లో మొదలైన నిర్మాణము 1933 డిసెంబరులో ప్రారంభోత్సవముతో ఫలించెను. బురదనేలను త్రవ్వి, రాళ్లు మోసి, సముద్రమునకు దారి తీసినవారు వేలకొలది కూలీలు. ప్రారంభోత్సవపు ఫలకములపై వారి పేర్లుండవు. ఆ కాలపు విశాఖలో కండ్లు తెరచి చూచు యువకునికి గ్రంథాలయమును, ఈ శ్రమయు రెండును కనబడుచుండెను. రెండింటిని కలిపిన కవిత్వము 1933 మొదలు ఆయన కలమునుండి వెలువడసాగెను. మహాప్రస్థానము అను గేయమును 1934లో వ్రాసిరి. ముద్దుకృష్ణగారి జ్వాల పత్రిక దానిని ప్రకటించెను.

ఇటుపై జరిగిన కథ పుస్తకప్రియులందరును తెలిసికొనదగినది. మహాప్రస్థాన గేయములు చాలవరకు 1933 మొదలు 1940 వరకు వ్రాయబడినవి. పుస్తకముగా వచ్చినది 1950లో. చలముగారు దానికి యోగ్యతాపత్రమను పేర పీఠికను 1940లోనే వ్రాసియిచ్చిరి. పీఠిక సిద్ధమైన పదేండ్లకు గాని పుస్తకము సిద్ధము కాలేదు. ఆ నడుమ ఆ గేయములు జీవించినది పాఠకుల నోళ్లలోను, చేతివ్రాత ప్రతులలోను, పాతపత్రికల పుటలలోను. 1937 ప్రాంతమున ఒక సాహిత్యసభలో శ్రీశ్రీ కవితా ఓ కవితా యను గేయమును చదువగా, భావములలో ఆయనకు పూర్తిగా ఎదురుదిక్కున నిలచిన విశ్వనాథ సత్యనారాయణగారు చలించి మనసార మెచ్చుకొనిరి. మంచి చదువరికి తన పక్షము వేరైనను మంచి కవిత్వమును కాదను శక్తి లేదు.

ఆ పుస్తకమును చూడవలసిన మిత్రుడు మాత్రము చూడలేదు. కొంపెల్ల జనార్దనరావుగారు సాహిత్యముకొరకు సమస్తమును ఒడ్డి, ఉదయిని యను పత్రికను నడపి, లేమితోను వ్యాధితోను పోరాడి యౌవనముననే కన్నుమూసిరి. ఆయన పత్రిక ధనము తేలేదు; ఆయన పేరును లోకము మరచియుండెడిదే. శ్రీశ్రీ మహాప్రస్థానమును ఆయనకే అంకితము చేసి, ఆయనకొరకు వ్రాసిన స్మృతిగీతమును పుస్తకము ముందు నిలిపిరి. రాజులకు, ధనికులకు కృతులిచ్చిన భాషలో ఇది ఒక బీద పత్రికాసంపాదకునికి దక్కిన గౌరవము. ఆ పుస్తకము తెరచిన ప్రతి చదువరియు మొదట ఆ మిత్రునికి నమస్కరించియే లోనికి పోవలెను.

1938లో శ్రీశ్రీ మదరాసు చేరి ఆంధ్రప్రభలో ఉపసంపాదకులైరి. తరువాత పలుచోట్ల పలు ఉద్యోగములు చేసిరి. 1950లో ఆహుతి యను అనువాదచిత్రముతో సినిమారంగమున ప్రవేశించి, జీవనోపాధికై ఎన్నో పాటలు వ్రాసిరి. ఎంతటి పనిలోనైనను చదువు మానలేదు. ఫ్రెంచి కవుల రచనలను తెలుగు చేసిరి. పత్రికలకు పదబంధ ప్రహేళికలను కూర్చి, గళ్లు నింపు వినోదముతోనే తెలుగువారిచేత నిఘంటువులు తెరపించిరి. ఖడ్గసృష్టి కావ్యమునకు సోవియట్ భూమి నెహ్రూ బహుమానమును, 1972లో సాహిత్య అకాడమీ పురస్కారమును పొందిరి.

బహుమానములకంటె పెద్ద పరీక్ష ఆయనకు పుట్టిన ఊరిలోనే ఎదురయ్యెను. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్టణమున ఆయన షష్టిపూర్తి ఉత్సవము జరిగెను. పలువురు రచయితలు కూడియున్న ఆ వేళ, విద్యార్థులు కొందరు ఒక కరపత్రము పంచిపెట్టిరి. శ్రీకాకుళపు కొండలలో ప్రజలు పోరాడుచుండగా రచయితలు ఎవరి పక్షమున నిలుతురో తేల్చిచెప్పుమని అందు నిలదీసిరి. వారు మహాప్రస్థానము చదివి పెరిగిన పిల్లలు. తమ కవిని ఆయన పుస్తకము పేరనే అడిగినట్లయ్యెను. పూలమాలల నడుమ ఇట్టి ప్రశ్న వచ్చినచో కోపగించుకొనుట సులభము. నవ్వి ఊరకుండుట ఇంకను సులభము. శ్రీశ్రీ ఆ రెండును చేయలేదు. అదే సంవత్సరము జూలై 4వ తేదీన హైదరాబాదులో విప్లవ రచయితల సంఘము ఏర్పడగా దానికి అధ్యక్షులైరి. ఆ నిర్ణయమును మెచ్చినవారును కలరు, మెచ్చనివారును కలరు. కాని అరువదేండ్ల కవి తన పాఠకుల ప్రశ్నకు బదులు చెప్పవలసినవాడనని తలచుట ఇరుపక్షములవారును ఒప్పుకొనవలసిన విషయము. కవితాసమితి నాడు నలుగురు మిత్రుల ఎదుట నిలిచినట్లే ఆయన ఆనాడును చదువరుల ఎదుట నిలిచిరి.

చివరి దినములలో ఆయన పుస్తకమునకు అపూర్వమైన గౌరవమొకటి లభించెను. లండనులో నివసించిన గూటాల కృష్ణమూర్తిగారు, శ్రీశ్రీ స్వహస్తముతో వ్రాసిన అక్షరములను ఉన్నవి ఉన్నట్లు అచ్చొత్తించి, కవి స్వరముతో సహా, 1981లో మహాప్రస్థానమును అచ్చటినుండి వెలువరించిరి. పదేండ్లు అచ్చునకు నోచుకొనని పుస్తకము సముద్రములు దాటి ఆ రూపము దాల్చుటకు కారణము మరల ఒక చదువరి ప్రేమయే. 1983 జూన్ 15వ తేదీన మదరాసులో శ్రీశ్రీ దివంగతులైరి. నేడు విశాఖ సముద్రతీరమున ఆయన విగ్రహము నిలిచియున్నది. ఆయన చూచిన చిన్నపట్టణమున ఓడరేవు విస్తరించినది; ఊరికి దక్షిణముగా ఉక్కు కర్మాగారము వెలసినది.

విగ్రహమును చూచి నమస్కరించుట మంచిదే. కాని శ్రీశ్రీని శ్రీశ్రీగా చేసినవి విగ్రహములు కావు: ఒక చిన్న ఛందోగ్రంథము, పఠనాలయమునకు వచ్చు పత్రిక, పుస్తకమును ఎరువిచ్చు మిత్రుడు, తప్పును తప్పనగల సమితి, పుస్తకపు విలువ నెరిగిన గ్రంథాలయాధికారి. ఇవి పట్టణములకే పరిమితములు కావు. ఏ గ్రామములోనైనను ఒక గది, ఒక బీరువా, సాయంత్రమున కూర్చుండుటకు ఒక బల్ల, దానిచుట్టును వాదించుకొను నలుగురు పిల్లలు ఉన్నచో కవితాసమితి అచ్చట మరల పుట్టును. ఆ నలుగురిలో ఎవరు కవి యగుదురో ముందుగా ఎవరికిని తెలియదు. నలుగురికిని పుస్తకము అందునట్లు చూచుటయే గ్రంథాలయము చేయవలసిన పని. ఇరువదియైదేండ్లు ఆ పని చేసిన గ్రంథాలయమునకు శ్రీశ్రీ జీవితము తగిన కానుక.