హోమ్ దాకా 90 అడుగులు: జాకీ రాబిన్సన్ జీవితం

1955 సెప్టెంబర్ 28, న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియం. అమెరికా బేస్‌బాల్‌లో అతి పెద్ద పోటీ వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ 6, బ్రూక్లిన్ డాడ్జర్స్ 4. మూడో బేస్ దగ్గర డాడ్జర్స్ ఆటగాడు, 36 ఏళ్ల జాకీ రాబిన్సన్ ఉన్నారు. అక్కడి నుంచి హోమ్ ప్లేట్ 90 అడుగులు. అది తాకితేనే పరుగు. మామూలుగా తన జట్టు బ్యాటర్ బంతిని కొట్టేదాకా రన్నర్ ఆగుతాడు. రాబిన్సన్ ఆగలేదు. పిచర్ బంతి విసిరే క్షణంలోనే దూసుకెళ్లి, క్యాచర్ యోగి బెర్రా బంతితో తాకేలోపు జారుకుంటూ హోమ్ చేరారు. అంపైర్ సేఫ్‌గా ప్రకటించగానే బెర్రా గొడవకు దిగాడు. స్కోరు 6-5. బ్రూక్లిన్ ఆ ఒక్క పరుగు తేడాతోనే ఓడింది. కానీ చివరికి సిరీస్ గెలిచి, తొలిసారి చాంపియన్ అయింది.

ఎవరో దారి ఇచ్చేదాకా ఆగకపోవడం రాబిన్సన్‌కు మైదానంలో వచ్చిన అలవాటు కాదు. 1919లో జార్జియా రాష్ట్రంలోని కైరోలో, పాలుకు సేద్యం చేసే కుటుంబంలో ఆయన పుట్టారు. తల్లి మాలీ ఒంటరిగా ఐదుగురు పిల్లల్ని కాలిఫోర్నియాకు తీసుకెళ్లి, ఇళ్లలో పనిచేసి పెంచింది. 1944లో సైన్యంలో లెఫ్టినెంట్‌గా ఉన్నప్పుడు, బస్సులో వెనక్కి వెళ్లి కూర్చోమంటే రాబిన్సన్ కదల్లేదు. కోర్టు మార్షల్ పెట్టారు. నిర్దోషిగా బయటపడ్డారు.

1880ల నుంచి మేజర్ లీగ్ జట్లలోకి నల్లవాళ్లను రానివ్వలేదు. అది ఏ రూల్ బుక్కులోనూ రాయని కట్టుబాటు. అలాంటి కట్టుబాట్లు ఎంత గట్టివో మన వాడలకు చెప్పక్కర్లేదు. 1947 ఏప్రిల్ 15న డాడ్జర్స్ తరఫున దిగి రాబిన్సన్ దాన్ని బద్దలుకొట్టారు. అయితే జట్టు అధిపతి బ్రాంచ్ రికీ ఒక షరతు పెట్టాడు: ఎంత తిట్టినా తిరగబడకూడదు. ఫిలడెల్ఫియా మేనేజర్ బెన్ చాప్‌మన్ జాతి పేరుతో దూషించాడు. సొంత జట్టులోనే కొందరు ఆయన వద్దని సంతకాలు సేకరించారు. అన్నీ దిగమింగి ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడిగా, 1949లో లీగ్‌లోనే అత్యంత విలువైన ఆటగాడిగా నిలిచారు.

తెల్ల అమెరికా ఆ మౌనాన్నే ఎక్కువగా మెచ్చుకుంది. షరతు తీరాక రాబిన్సన్ అంపైర్లతో వాదించారు, హోటళ్లలో వివక్షను ప్రశ్నించారు. అప్పుడు అదే జనానికి ఆయన పొగరుబోతు అయ్యారు. మన దగ్గరా అంతే. నోరు మెదపని తొలి దళితుడికి సన్మానం, నోరు తెరిచిన దళితుడికి నింద.

ఇక్కడ మనకు పల్వంకర్ బాలూ గుర్తొస్తారు. 1911లో ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసిన ఆ దళిత బౌలర్‌కు హిందూ జట్టు కెప్టెన్సీ ఇవ్వలేదు. బంతి ఇచ్చారు, పెత్తనం ఇవ్వలేదు.

రాబిన్సన్ చివరి పోరాటమూ పెత్తనం గురించే. 1972 అక్టోబర్ 15న సిన్సినాటిలో, వరల్డ్ సిరీస్ వేదిక మీద ఆయనను సత్కరించారు. మధుమేహంతో చూపు దాదాపు పోయింది. అయినా కృతజ్ఞతలతో ఆపలేదు. నల్లజాతి మేనేజర్‌ను ఎప్పుడు చూస్తామని అందరి ముందే నిలదీశారు. తొమ్మిది రోజులకు, 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 1975లో ఫ్రాంక్ రాబిన్సన్ క్లీవ్‌లాండ్ జట్టుకు మేనేజర్ అయ్యాడు. జాకీ దాన్ని చూడలేదు.

ఒక్కరిని లోపలికి రానిచ్చి తలుపు తెరిచామనే చోట మనం అడగాల్సింది ఆయన అడిగిందే: నిర్ణయాలు తీసుకునే కుర్చీలో మనవాళ్లు ఎవరున్నారు?