డిచ్‌పల్లి డాక్టరమ్మగారు

ధ్యానభాగము: లేవీయకాండము 13, 14 అధ్యాయములు, లూకా 17:11–19

లేవీయకాండము 13వ అధ్యాయమును మనలో అనేకులము త్వరత్వరగా దాటిపోవుదుము. మచ్చ, వాపు, తెల్లవెండ్రుక అను మాటలలో మనకు ఆత్మీయాహారము కనబడదు. అయినను నిదానించి చదివినయెడల అందులో గొప్ప దయ యున్నది. యాజకుడు ఒక్కసారి చూచి తీర్పు చెప్పరాదు. సందేహమున్నయెడల ఏడు దినములు ఆగి మరల చూడవలెను. అవసరమైతే ఇంకను ఏడు దినములు ఆగవలెను. చూడవలసిన గురుతులు ధనవంతునికిని దరిద్రునికిని ఒక్కటే. ఊరివారి పుకారును బట్టి ఎవనిని వెలుపలికి పంపరాదు. అచ్చట చెప్పబడిన రోగమును నేటి కుష్ఠును ఒక్కటే కాదని పండితులు చెప్పుదురు. అయినను అందలి పాఠము మనకును చెల్లును.

ఆ పాఠమునకు సాక్ష్యముగా మన తెలుగు నేలమీద గడచిన ఒక జీవితమును జ్ఞాపకము చేసికొందము. డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారు 1875 మే 30న స్కాట్లాండు దేశములో జన్మించిరి. అబర్డీన్ విశ్వవిద్యాలయములో వైద్యము చదివి 1903లో పట్టము పొందిరి. ఆ యేటనే జార్జి కెర్ దొరగారిని వివాహమాడిరి. 1907లో ఆ దంపతులు వెస్లియన్ మెథడిస్టు మిషను తరపున నిజాము రాజ్యమునకు వచ్చి, నిజామాబాదులో పనిచేసిరి.

అచ్చట వారి హృదయమును కలచినది కుష్ఠురోగుల స్థితి. వారికి ఇల్లు లేదు, ఆసుపత్రి లేదు, తమవారను మాట లేదు. 1911లో వారికొరకు ఒక చిన్న ఆశ్రయము తెరువగా అది త్వరలోనే నిండిపోయెను. అప్పుడు రాజా నర్సాగౌడ్ అను హిందూ దాత ధనమిచ్చి ఆదుకొనిరి. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి వెలసెను. పొరుగువాడు ఎవడను ప్రశ్నకు ఆ దాత తన చేతితో జవాబిచ్చెనని మనము చెప్పవచ్చును.

ఆ కాలమున కుష్ఠుకు పేరుగల మందు చాల్ముగ్రా జాతి గింజల నూనె. త్రాగినచో కడుపులో వికారము పుట్టి, రోగులు మానివేయుచుండిరి. కలకత్తాలో రోజర్స్ దొరగారును, తరువాత మ్యూర్ దొరగారును దానిని సూదిమందుగా ఇచ్చు విధానమును వృద్ధిచేసిరి. కెర్ దొరసానిగారు ఆ చికిత్సను డిచ్‌పల్లికి తెచ్చిరి. ఆశ్రయముగా మొదలైన పని వైద్యశాలగా మారెను. 1923లో ప్రభుత్వము ఆ దంపతులకు కైసర్-ఇ-హింద్ పతకమిచ్చెను. 1932 జనవరిలో ఆమె డిచ్‌పల్లిలోనే ప్రభువునందు నిద్రించిరి.

అయితే ఆ మందు నిజముగా బాగుచేసెనా? ఈ ప్రశ్న అడుగుట అవిశ్వాసము కాదు. కుష్ఠులో కొన్ని రకములు మందు లేకనే తగ్గును. కొన్ని తగ్గినట్లు కనబడి తిరిగి వచ్చును. కాబట్టి రోగి సంతోషమును వైద్యుని ఆశను చాలిన సాక్షులు కావు. 1873లో నార్వే దేశపు హాన్సెన్ ఈ రోగక్రిమిని కనుగొనెను. అటుపిమ్మట చర్మముపై చిన్న గాటుపెట్టి, రసమును గాజుపలకమీద పూసి, రంగువేసి, సూక్ష్మదర్శినిలో క్రిములను చూచుట అలవాటాయెను. మచ్చపై దూదితో తాకి స్పర్శ యున్నదా అని పరీక్షించుటయు అట్టిదే. అందరిని ఒకే రీతిగా చూచి, వ్రాసి, కొంతకాలమునకు మరల చూచినప్పుడే మందు విలువ తేలును.

అట్లు తూచగా ఆ నూనె కొందరికి మేలుచేసినను చాలినది కాదని తేలెను. 1940ల నుండి డాప్సోన్ మొదలగు సల్ఫోను మందులు దాని స్థానమును తీసికొనెను. ఒంటరి డాప్సోనుకు క్రిములు లొంగనప్పుడు, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పండితులు పలుమందుల చికిత్సను నిర్ణయించిరి. నేడు అది రోగమును బట్టి ఆరు లేక పండ్రెండు నెలలు ఉచితముగా దొరకును. నూనె పోయెనని దొరసానిగారి ప్రేమ వ్యర్థము కాలేదు. రోగి మేలు కోరువారు మెరుగైన మందు వచ్చినప్పుడు పాతదానిని విడుతురు.

ఒక్క మందునే కాదు, దేశమంతటి పనిని కూడ ఇట్లే తూచవలెను. 2005 డిసెంబరు నాటికి మన దేశములో పదివేలమందికి ఒక్కరికంటె తక్కువగా రోగులు చికిత్సలో నుండిరి. ఆ లెక్క విని అనేకులు రోగము పోయెననుకొనిరి. కాని తరువాతి సంవత్సరములలోను ఏటేట లక్ష ప్రాంతమున కొత్త రోగులు కనబడిరి. అందుచేత వైద్యులు మరియొక కొలతను గూడ చూచుదురు. కొత్తగా వచ్చినవారిలో ఎందరి చేతులు కాళ్లు అప్పటికే వంకరపోయినవి? ఎక్కువమంది యుంటే, మనము వారిని ఆలస్యముగా కనుగొంటిమని అర్థము. లెక్కలో లేని రోగి దేవుని యెదుట లేనివాడు కాడు.

ప్రభువు పదిమందిని యాజకులకు కనుపరచుకొనుడని పంపెను; వారు వెళ్లుచుండగా శుద్ధులైరి. స్వస్థత పరీక్షకు నిలుచుటను ఆయన అవమానముగా ఎంచలేదు. కాబట్టి మన సంఘములలో ఎవరి ఒంటిమీదనైన స్పర్శలేని మచ్చ కనబడినయెడల దాచకుడి; ప్రభుత్వ ఆసుపత్రికి తోడుకొనిపొండి. నయమైనట్లు తోచినను మందు మధ్యలో మానకుడి. చికిత్స పొందువానిని ప్రభువు బల్లయొద్ద దూరముగా కూర్చుండబెట్టకుడి. ప్రేమించు హృదయమును నిజము చూచు కన్నులను దేవుడు మనకు దయచేయును గాక. ఆమేన్.