బద్దం ఎల్లారెడ్డి

కరీంనగరం సముద్రమెరుగని సీమ. మానేటి నీళ్లు, గోదావరి నీళ్లు తప్ప ఉప్పునీటి జాడ లేని ఆ జిల్లా నుంచి 1930లో ఒక యువకుడు ఉప్పు సత్యాగ్రహంలో చేరడానికి ఆంధ్రప్రాంతానికి తరలిపోయారు. సిరిసిల్ల తాలూకా గాలిపల్లిలో 1906లో జన్మించిన బద్దం ఎల్లారెడ్డిగారే ఆ యువకుడు.

నైజాము రాజ్యంలో సభ జరపాలన్నా సర్కారు అనుమతి కావలసిన రోజులవి. గ్రంథాలయాలు, పాఠశాలలు, వెట్టిచాకిరి నిర్మూలన అంటూ మెల్లగా అడుగులు వేస్తున్న ఆంధ్రమహాసభ 1935లో ఆయన తాలూకా కేంద్రమైన సిరిసిల్లలోనే సమావేశమైంది. అధ్యక్షులు మాడపాటి హనుమంతరావుగారు. మహాసభలో పెరిగిన ఎల్లారెడ్డిగారు క్రమంగా కమ్యూనిస్టు నాయకులలో ఒకరైనారు.

1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌లతో కలిసి ఆయన సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. ఉప్పు వండిన చేతులు తుపాకిని కోరడం విద్యార్థులకు వింతగా తోచవచ్చు. అప్పటి పల్లెను చూస్తే అందులో వింత లేదు. పోలీసు పటేలు, మాలి పటేలు, పట్వారీ అనే ముగ్గురి చేతిలో ఊరు బందీ. ఎవరి భూమి ఎవరి పేర ఉన్నదో పట్వారీ దస్తరమే చెప్పాలి. చదువురాని రైతు వేసిన వేలిముద్రకు పైన ఏమి వ్రాసి ఉన్నదో అతనికే తెలియదు. తెచ్చుకొన్న నాగు గింజలు తరాలు మారినా తీరని అప్పయ్యేవి. కనుకనే కరీంనగర్ దళాలు మొదట ఆ కాగితాలమీద పడ్డాయి. స్వయంగా భూస్వాముల ఇంట పుట్టిన అనభేరి ప్రభాకరరావు ఊరూరా దస్తరాలు తెప్పించి తగులబెట్టించారు. 1948 మార్చి 14న మహ్మదాపూర్ గుట్టలలో పోలీసు కాల్పులకు సహచరులతో సహా నేలకొరిగారు.

ఆ సెప్టెంబరులో నైజాము పాలన ముగిసినా పోరు 1951 అక్టోబరు వరకు సాగింది. అంతకాలం సాగించడం ఉచితమేనా అని పార్టీలోనే వాదం చెలరేగింది. నారాయణరెడ్డిగారు కాదన్న పక్షం. ఆ చర్చ నేటికీ తెగలేదు.

హైదరాబాదు రాష్ట్రంలో పార్టీ నిషేధంలో ఉండగానే 1952 ఎన్నికలు వచ్చాయి. పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంటు పేర నిలిచిన ఎల్లారెడ్డిగారిని కరీంనగర్ ప్రజలు తొలి లోక్‌సభకు పంపారు. అది ద్విసభ్య నియోజకవర్గం. రెండవ సభ్యులు షెడ్యూల్డు కులాల ఫెడరేషనుకు చెందిన ఎం. ఆర్. కృష్ణగారు. 1964లో ఎల్లారెడ్డిగారు రాజ్యసభ సభ్యులైనారు.

1972లో ఇందుర్తి నుంచి శాసనసభకు గెలిచినప్పుడు ఆయనకు అరువది ఆరేండ్లు. ఆ సభాకాలంలోనే, 1973లో, భూపరిమితి చట్టం వచ్చింది. అయితే ఏ భూమి ఎవరిదో తేల్చవలసినవి మళ్లీ ఆ గ్రామ లెక్కలే. పటేలు, పట్వారీల వ్యవస్థ రద్దయినది 1984లో. అప్పటికి ఎల్లారెడ్డిగారు గతించి కొన్నేండ్లయింది.