చెప్పుల దుకాణం నుంచి సి లాంగ్వేజ్ దాకా: జార్జ్ బూల్ జీవితం



సి లాంగ్వేజ్ నేర్చుకునే ప్రతి ఒక్కరికీ మూడు గుర్తులు ఎదురవుతాయి: &&, ||, !. వీటినే లాజికల్ ఆపరేటర్లు అంటారు. పరీక్ష కోసం వీటి పట్టికలు బట్టీ పడతాం గానీ, వీటి వెనుక ఉన్న మనిషి గురించి అంతగా పట్టించుకోము. ఆ మనిషి జార్జ్ బూల్. ఆయన జీవితం మన హాస్టల్ పిల్లలందరూ తెలుసుకోదగినదని భావించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

బూల్ 1815 నవంబరు 2న ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో జన్మించారు. తండ్రి జాన్ బూల్ చెప్పులు కుట్టేవారు. ఆయనకు వ్యాపారం కంటే టెలిస్కోపుల మీద, లెక్కల మీద మక్కువ ఎక్కువ. దుకాణం దెబ్బతినడంతో 16వ ఏటనే ఇంటి భారం బూల్ మీద పడింది. డాంకాస్టర్‌లో అసిస్టెంట్ టీచరుగా చేరారు. 19వ ఏట లింకన్‌లో సొంతంగా బడి పెట్టారు. యూనివర్సిటీ గడప తొక్కలేదు. పగలు పిల్లలకు పాఠాలు చెబుతూ ఫ్రెంచి, జర్మన్ భాషలు సొంతంగా నేర్చుకున్నారు. లగ్రాంజ్, లాప్లాస్ గ్రంథాలు గురువు లేకుండానే చదివారు. చెప్పేవారు లేనందున ఎంతో కాలం పట్టింది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న మనకు ఈ కష్టం వివరించనక్కరలేదు.

1844లో రాయల్ సొసైటీ ఆయనకు పతకం ఇచ్చింది. 1849లో ఏ డిగ్రీ లేని ఆ మనిషి ఐర్లండులోని కార్క్ క్వీన్స్ కాలేజీకి తొలి గణిత ప్రొఫెసర్ అయ్యారు. 1855లో మేరీ ఎవరెస్ట్‌ను పెళ్లాడారు. మన దేశంలో సర్వేయర్ జనరల్‌గా పనిచేసిన జార్జ్ ఎవరెస్ట్‌కు ఈమె సోదరుని కుమార్తె. ఆయన పేరే ఎవరెస్ట్ శిఖరానికి పెట్టారు.

1847లో, 1854లో వెలువడిన రెండు గ్రంథాల్లో బూల్ తర్కాన్ని లెక్కలుగా మార్చారు. ఏ అంకెను దానితోనే గుణిస్తే మళ్లీ అదే వస్తుంది? 0, 1 మాత్రమే. 1 అంటే అంతా, 0 అంటే ఏమీ లేదు. 'మరియు' అంటే గుణకారం. 'కాదు' అంటే 1 నుంచి తీసివేయడం. రెండూ ఒకేసారి వర్తించని వాటినే ఆయన కూడేవారు. రెండూ నిజమైనా ఫలితం నిజమే అనే నేటి || పద్ధతిని తరువాత జెవన్స్ వంటివారు స్థిరపరిచారు.

మన స్కాలర్‌షిప్పునే ఉదాహరణగా తీసుకుందాం. హాజరు && కుల ధ్రువపత్రం && ఆదాయ ధ్రువపత్రం అని షరతు ఉందనుకోండి. ఒక్క కాగితం ఆలస్యమైతే ఫలితం 0. హాజరు దగ్గరే 0 వస్తే సి లాంగ్వేజ్ తక్కినవి చూడనైనా చూడదు. ఆదాయ పత్రం || రేషన్ కార్డు అని ఉంటే, ఏ ఒక్కటి ఉన్నా 1. రెండు గీతల తేడాతో ఒక పేద విద్యార్థి చదువు నిలబడుతుంది. కంప్యూటర్‌కు మన కులం, ఊరు, ఇంటిపేరు తెలియవు. కానీ షరతు రాసేది మనిషి. ఆ రాసే కుర్చీ దాకా మనమూ చేరాలన్నదే మా ఆశ.

1864లో బూల్ వానలో తడుస్తూ మూడు మైళ్లు నడిచి వెళ్లి, తడి బట్టలతోనే పాఠం చెప్పారు. జబ్బు పడి డిసెంబరు 8న, 49వ ఏట కన్నుమూశారు. తన లెక్కలతో యంత్రం నడవడం ఆయన చూడలేదు. 1937లో అమెరికాలో క్లాడ్ షానన్ అనే విద్యార్థి స్విచ్చుల సర్క్యూట్లకు ఆ లెక్కలను అన్వయించారు. 1970ల తొలినాళ్లలో డెనిస్ రిచీ సి లాంగ్వేజ్ రూపొందించారు. 1999 ప్రమాణంలో నిజం, అబద్ధాల కోసం చేర్చిన రకానికి బూల్ పేరే పెట్టారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ల్యాబ్‌లో && అని టైపు చేసేటప్పుడు ఒక్క క్షణం ఆ చెప్పులు కుట్టే ఇంటి బిడ్డను తలచుకోండి. తర్కం ఎవరి తాతల ఆస్తీ కాదు.