క్రీస్తు మతమును కొందరేల నిరసింతురు?
(గుఱ్ఱము జాషువ కవిగారి జీవితము)

ధ్యాన భాగము: యోహాను 1:43–51

ఫిలిప్పు వచ్చి యేసునుగూర్చి చెప్పినప్పుడు నతనయేలు ఆయన బోధ ఏమని అడుగలేదు. ఆయన ఊరి పేరు వినినంతనే అతని మనస్సు వెనుకకు పోయెను. మన పల్లెలలోను ఇట్లే జరుగుచున్నది. సువార్త చెప్పబోయినవానిని ఏమి తెచ్చితివని అడుగకముందే ఏ పేటవాడవని అడుగుదురు. మన మతమును నిరసించువారందరు క్రీస్తును ఎరిగియే నిరసించుచున్నారని మనము తలంచుచున్నాము. ప్రియ సహోదరులారా, ఆ తలంపు ఎంతవరకు నిజమో ఒక మనుష్యుని జీవితమునుబట్టి చూతము.

జాషువగారు 1895 సెప్టెంబరు 28న నాటి గుంటూరు జిల్లా వినుకొండలో పుట్టిరి. తండ్రి వీరయ్యగారు గొల్లకులమునుండియు, తల్లి లింగమ్మగారు మాదిగ కులమునుండియు వచ్చిన క్రైస్తవులు. ప్రభువునందు ఒకటైన ఆ యింటిని ఊరు మాత్రము తల్లి కులముతోనే కొలిచెను. బడిలో తోటి పిల్లలు హేళన చేసిరి, ఉపాధ్యాయులును కించపరచిరి. ఈ బాలుడు తలవంచుకొని ఊరకుండువాడు కాడు, ఎదురు తిరుగువాడు. 1910లో, పదునైదేండ్ల ప్రాయమున, మేరీ అను కన్యకతో వివాహము జరిగెను.

కవిత్వముమీద ఆయనకు ఆశ పుట్టించినవాడు బాల్యమిత్రుడైన దీపాల పిచ్చయ్యశాస్త్రి. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారు మేఘసందేశమును, రఘువంశమును, కుమారసంభవమును చెప్పిరి. ఆ దినములలో ఒక శాస్త్రిగారు క్రైస్తవ బాలునికి కాళిదాసును చెప్పుట చిన్న సంగతి కాదు. మనలను నిరసించినవారిని లెక్కపెట్టునప్పుడు ఇట్టివారినికూడ లెక్కలో వేయవలెను.

ఒకసారి వినుకొండలో అవధాన సభ జరిగెను. జాషువగారు అక్కడ తమ పద్యములు చదివిరి. పద్యములో తప్పున్నదని ఎవరును అనలేదు. తక్కువ కులమువానిని సభలోనికి ఏల రానిచ్చిరని కొందరు గొడవచేసిరి. వారు ప్రభువును దూషించిరా? లేదు, ఆయన ప్రస్తావనయే అక్కడ రాలేదు. వారి కన్నులకు క్రైస్తవుడనగా పేటవానికి వచ్చిన క్రొత్త పేరు, అంతే.

ఇట్లు తలంచుటకు ఒక చరిత్ర యున్నది. 1876–78 సంవత్సరముల గొప్ప కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. 1878 జులై 3న, ఒక్క దినముననే, 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో ఎక్కువమంది మాదిగలు. గంజికొరకు కలిసిరని చూచినవారు అనిరి. ఆ మాట రాకూడదనియే దొరగారు కరవు పని సాగినంతకాలము బాప్తిస్మములు ఆపియుంచిరని వారికి తెలియదు. గంజి మాట నిలిచిపోయెను, ఆపిన సంగతి మరుగునపడెను. తరువాత 1950లో ప్రభుత్వపు ఉత్తర్వు క్రైస్తవునికి షెడ్యూల్డు కులపు హక్కు లేదనెను. ఊరు మాత్రము అతని కులమును మరువలేదు. మనమైనను మరచితిమా? కొన్ని ఊళ్లలో మాలల ప్రార్థన ఒకచోట, మాదిగల ప్రార్థన వేరొకచోట జరుగుట బయటివారు చూచుచునే యున్నారు గదా.

జాషువగారు మిషను బడిలో నెలకు మూడు రూపాయల జీతముమీద పనిచేసిరి. ఆ పని పోగా బ్రతుకుతెరువు వెదకికొనుచు మన రాజమహేంద్రవరము వచ్చిరి. 1915–16లో సినిమాలకు మాట లేదు. తెరమీద బొమ్మ కదలుచుండగా ఒకడు కథను, సంభాషణలను గట్టిగా చదువవలెను. ఆ పని ఆయనకు దొరకెను. ఆ యేండ్లలో బొమ్మ చూచుటకు గోదావరి గట్టున నున్న ఆ పట్టణమునకు పోయిన మన తాతలలో ఎవరైనను ఆ గొంతు వినియుండవచ్చును. చీకటిలో చదువువాని కులము ఎవరికి కావలెను? పిమ్మట గుంటూరులో లూథరను సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదియేండ్లును, 1928 మొదలు 1942 వరకు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగాను ఉండిరి.

1932లో ఫిరదౌసి, 1941లో గబ్బిలము వెలువడెను. గబ్బిలములోని కథానాయకుడు అరుంధతీ కులమువాడు, ఆకలిగొన్నవాడు. గుడి తలుపు అతనికి మూయబడియున్నది. గుడిలో తలక్రిందుగా వ్రేలాడు గబ్బిలమునకు మాత్రము అడ్డులేదు. కాబట్టి తన మొర కాశీలోని శివునికి విన్నవింపుమని దానినే వేడుకొనును. కాళిదాసు మేఘమును పంపెను, జాషువగారు గబ్బిలమును పంపిరి. వినుకొండ సభలో పడిన దెబ్బకు ఇంతకంటె గట్టి జవాబు ఏ కవి ఇయ్యగలడు?

అయితే రెండవ దెబ్బ మనవారి చేతినుండి వచ్చెను. ఇది వ్రాయుటకు చేయి ఆడుట లేదు గాని, దాచుట న్యాయము కాదు. క్రైస్తవుడైయుండి హిందూ పురాణ విషయములు వ్రాయుచున్నాడని మతపెద్దలు ఆయనను నిరసించిరి. తుదకు ఆ కుటుంబమును క్రైస్తవ సమాజమునుండి వెలివేసిరి. పెద్దల భయము నాకు అర్థము కాకపోలేదు. విగ్రహములను విడిచి వచ్చి ఎంతో కాలము కాని జనులకు, శివుని పేరు పద్యములో వినబడినను వెనుకకు లాగునేమోయను దిగులుండును. కాని ఆ పద్యములో శివుని సన్నిధికి పోవునది మన పేటవాని ఏడుపే గదా! దానిని చదివి చూచిన పెద్ద ఒక్కడైనను ఆ కూటములో ఉండెనా అని నాకు సందేహము. ఊరు ఆయనను క్రైస్తవుడని త్రోసివేయగా, క్రైస్తవులు హిందూ కవియని త్రోసివేసిరి. ఆయన క్రమక్రమముగా నాస్తికత్వమువైపు జరిగిరి. పరమతస్థుడెవడును ఆయనను మనయొద్దనుండి లాగికొనిపోలేదు. క్రైస్తవుడైతే తెలుగునకు పరాయివాడగునని చదువుకొన్నవారు అనుచుండుటకు ఇట్టి తీర్పులే ఆధారము.

ఇక మన మండపేటకు సమీపముననే యున్న కడియము మాట. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు అక్కడ పుట్టినవారు. తిరుపతి వేంకట కవులలో ఒకరు. అవధానములలో ఆంధ్రదేశమును ఏలిన బ్రాహ్మణ పండితులు. ఆయన జాషువగారి కాలికి తమ చేతులతో గండపెండేరము తొడిగిరి. ఆ మహాకవి పాదమును తాకి తమ జన్మ ధన్యమైనదని తలంచిరి. మన సంఘపు పెద్దలు వాకిట నిలిపినవానికి కడియపు శాస్త్రిగారు వంగి కాలు ముట్టిరి. ఈ సంగతి వినినప్పుడెల్ల నాకు సమరయుని ఉపమానములో ప్రక్కగా పోయిన యాజకుడు జ్ఞాపకమునకు వచ్చును.

1957 మొదలు 1959 వరకు జాషువగారు మద్రాసు రేడియోలో పనిచేసిరి. 1960లో కుమార్తె హేమలతగారు నాస్తికోద్యమ నాయకులైన గోరాగారి కుమారుడు లవణముగారిని వివాహమాడిరి. వెలివేసిన పెద్దలు తమ తీర్పు సరియైనదేయని అప్పుడు అనుకొనియుండవచ్చును.

కాని వెలియైన ఆ కవియే క్రీస్తు చరిత్రను తెలుగు పద్యములలో వ్రాసిరి. 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ ఆ గ్రంథమునకు బహుమానమిచ్చెను. ఆ సంవత్సరమే ఆయన శాసనమండలి సభ్యులైరి. 1970లో పద్మభూషణ బిరుదు వచ్చెను. సంఘమును విడిచిన చేయి సంఘాధిపతి కథను ఏల వ్రాసెనో ఆయనను అడిగి తెలిసికొనుటకు ఇప్పుడు వీలులేదు. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూసిరి.

క్రీస్తు చరిత్ర ప్రతి దొరకినవారు ఆదివారము సాయంకాలపు కూటములో దానిని చదివి వినిపింతురుగాక. పద్యము చదువగల హిందూ పండితుడు మీ ఊరిలో ఉన్నయెడల ఆయననే పిలిచి చదివింపవచ్చును.

ఈ నెల గృహ ప్రార్థనలకు: రోమా 2:17–24, లూకా 10:25–37, యాకోబు 2:1–9.