నేత్రవైద్యుడు గ్రేఫే

ఇంద్రియములన్నింటిలోను కన్నే ప్రధానమని పెద్దలు చెప్పుదురు. అట్టి కంటి చూపును నొప్పియైనను తెలియనీయక మెల్లమెల్లగా హరించు వ్యాధులలో నీటికాసులు ముఖ్యమైనది. దీనినే గ్లాకోమా యందురు. పందొమ్మిదవ శతాబ్దము నడుమ వరకు ఈ వ్యాధి సోకినవారికి అంధత్వము తప్పదని వైద్యులు నిరాశ చేసికొనియుండిరి. ఆ నిరాశను తొలగించిన మహనీయుడు ఆల్‌బ్రెఖ్ట్ ఫాన్ గ్రేఫే.

గ్రేఫే 1828వ సంవత్సరము మే నెల 22వ తేదీన జర్మనీలోని బెర్లిన్ నగరమున జన్మించెను. ఆయన తండ్రి ఆ కాలమున పేరుగాంచిన శస్త్రవైద్యుడు. కుమారుడు పండ్రెండేండ్ల బాలుడై యుండగనే తండ్రి మరణించెను. అయినను గ్రేఫే విద్యయందు శ్రద్ధ వీడలేదు. 1847లో, పందొమ్మిదేండ్ల ప్రాయముననే, వైద్యవిద్యలో పట్టము పొందెను. పిమ్మట ప్రాగ్, పారిస్, వియన్నా, లండన్ నగరములకు పోయి, ఆయా చోట్ల ప్రసిద్ధులగు వైద్యులను ఆశ్రయించెను. ప్రాగ్ నగరమున ఆర్ల్ట్ అను నేత్రవైద్యుని సాంగత్యము వలన ఆయన మనస్సు కంటివైద్యముపై నిలిచెను.

స్వదేశమునకు మరలివచ్చి గ్రేఫే బెర్లిన్‌లో కంటి ఆసుపత్రిని నెలకొల్పెను. అచ్చట బీదలకు ఉచితముగా చికిత్స చేయుచుండెను. దేశదేశముల నుండి రోగులును, విద్యార్థులును ఆయన యొద్దకు రాసాగిరి.

ఆ రోజులలో బ్రతికియున్న మనుష్యుని కంటి లోపలి భాగమును వైద్యులు చూడజాలకుండిరి. 1851లో హెల్మ్‌హోల్ట్స్ అను శాస్త్రజ్ఞుడు ఒక చిన్న పరికరమును ప్రకటించెను. అది కంటిలోనికి వెలుగును ప్రసరింపజేసి, తిరిగివచ్చు వెలుగు వైద్యుని కంటికి అందునట్లు చేయును. దాని విలువను మొదట గుర్తించినవారిలో గ్రేఫే యొకడు. 1854లో ఆయన నేత్రశాస్త్రమునకై ఒక పత్రికను కూడ స్థాపించెను.

కంటిలో ఒక విధమగు ద్రవము ఎల్లప్పుడు ఊరుచు, సన్నని మార్గముల గుండ బయటికి పోవుచుండును. అది సరిగా పోనిచో లోపల ఒత్తిడి హెచ్చి, చూపును మెదడునకు చేర్చు నాడి చెడిపోవును. అట్టి కన్నులను పరీక్షించి, ఆ నాడి మొన ముందునకు ఉబ్బినదని గ్రేఫే మొదట తలచెను. కాని మరల పరిశీలింపగా అది ఉబ్బలేదనియు, వెనుకకు గుంటపడినదనియు తేలెను. ఆయన తన పొరపాటును దాచక సరిదిద్దుకొనెను. సత్యముకంటె తన ప్రతిష్ఠ గొప్పదని ఆయన ఎన్నడును తలచలేదు.

నల్లగ్రుడ్డులోని రంగుపొరలో చిన్న భాగమును తొలగించినచో కంటిలోని ఒత్తిడి తగ్గునని గ్రేఫే కనిపెట్టి, 1857లో ఆ విషయమును లోకమునకు వెల్లడించెను. తీవ్రమగు నొప్పితో హఠాత్తుగా వచ్చు నీటికాసులకు ఆ శస్త్రచికిత్స అమోఘముగా పనిచేసెను. గ్రుడ్డివారు కావలసిన వారెందరో దానివలన చూపు నిలుపుకొనిరి. అయితే నెమ్మదిగా ముదురు వ్యాధియందు దాని ఫలము అంతగా కనబడలేదు.

ఇంతలో క్షయవ్యాధి ఆయన దేహమును కృశింపజేసెను. అయినను రోగుల సేవ మానలేదు. 1870వ సంవత్సరము జూలై 20వ తేదీన, నలువదిరెండేండ్ల వయస్సుననే, ఆయన కన్నుమూసెను. 1882లో బెర్లిన్ నగరమున ఆయన విగ్రహమును ప్రతిష్ఠించిరి.

గ్రేఫే ప్రారంభించిన కార్యము ఆయనతో ఆగిపోలేదు. స్వయముగా నీటికాసులతో బాధపడిన లాకర్ అను వైద్యుడు, పశ్చిమాఫ్రికాలోని ఒక విషపు గింజనుండి తీసిన మందు కంటి ఒత్తిడిని తగ్గించునని 1876లో తెలిపెను. మరుసటి సంవత్సరమే గ్రేఫే శిష్యుడగు వేబర్, దక్షిణ అమెరికాలోని జబొరాండి ఆకుల నుండి లభించు పైలోకార్పిన్ అను మందును ఉపయోగించెను. నీటికాసులకు చుక్కల మందు ఇట్లు పుట్టినది. 1978 నాటికి టిమోలాల్, 1996 నాటికి లటానోప్రాస్ట్ అను మందులు కూడ వాడుకలోనికి వచ్చెను.

ఈ మందులు పోయిన చూపును తిరిగి తేలేవు. ఉన్న చూపును మాత్రము కాపాడును. కావున బాధ లేదని వానిని మానరాదు. వైద్యుడు చెప్పిన వేళకు ప్రతిదినము వాడవలెను. చేతులు కడుగుకొని, క్రింది రెప్పను కొంచెము లాగి, సీసా మొన కంటికి తగులకుండ ఒక్క చుక్క వేయవలెను. పిదప కన్ను మూసి, ముక్కు ప్రక్కనున్న కంటి మూలను ఒకటి రెండు నిమిషములు వ్రేలితో నొక్కిపట్టవలెను. లేనిచో మందు ముక్కులోనికి దిగి రక్తమున చేరును. ఉబ్బసము గలవారికి టిమోలాల్ అపాయకరము కావచ్చును. రెండు మందులున్నచో నడుమ ఐదు నిమిషములైనను ఆగవలెను. ఒకరి మందును మరియొకరు వాడరాదు. వైద్యుని అడుగక కొన్న కొన్ని చుక్కల మందులు ఒత్తిడిని హెచ్చించి కీడు చేయును.

తాను అల్పాయుష్కుడయ్యు, గ్రేఫే ఇతరుల కన్నులకు వెలుగును దీర్ఘకాలము నిలిపెను. ఆ వెలుగును జాగ్రత్తగా కాపాడుకొనుటయే మనము ఆయనకు చూపదగిన కృతజ్ఞత.