కాలువ తవ్వించిన దొర

బకింగ్‌హామ్ కాలువ గురించి మనందరం స్కూల్లో సోషల్ పుస్తకంలో ఒక్క లైన్ చదివి వదిలేశాం. ఆంధ్ర తీరం వెంబడి మద్రాసు మీదుగా దక్షిణానికి వెళ్ళే ఉప్పునీటి కాలువ అది. కరువు రోజుల్లో ఒంగోలు దగ్గర ఆ కాలువలో ఒక ముక్కకి కాంట్రాక్టరు ఎవరో తెలుసా? ఒక మిషనరీ. పేరు జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోలు వాళ్ళకి క్లౌ దొర.

మాది నర్సీపట్నం. ఆయన మా వైపు పని చెయ్యలేదు కానీ ఆయన మిషన్ కథ మొదలైంది మాత్రం మా విశాఖ తీరంలోనే. 1836లో శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు ముందు విశాఖపట్నం వచ్చారు. తర్వాత శ్రీకాకుళం, మద్రాసు, చివరికి 1840లో నెల్లూరు. ఏళ్ళు గడిచినా సంఘంలో చేరినవాళ్ళు చాలా తక్కువ. ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు ఒకసారి కాదు, చాలాసార్లు చర్చించారు.

డే ఇక్కడికి వచ్చిన ఆ 1836లోనే అమెరికాలో క్లౌ పుట్టారు. కుర్రతనంలో మిన్నెసోటాలో ప్రభుత్వ సర్వే టీంలో చేరి భూమి కొలవడం నేర్చుకున్నారు. తర్వాత లాయర్ అవ్వాలని అయోవా రాష్ట్రంలో కాలేజీలో చేరారు. అప్పటికి ఆయనకి దేవుడి మీద ఏ నమ్మకమూ లేదు. రూమ్మేట్ రోజూ ప్రార్థన చేస్తుంటే విసుగొచ్చి, గది మధ్యలో సుద్దముక్కతో గీత గీసి, నీ ప్రార్థన నీ వైపే ఉంచుకో అన్నారట. హాస్టల్లో ఉన్నవాళ్ళకి ఈ సీన్ బాగా అర్థమవుతుంది. కానీ కొన్నాళ్ళకి ఆ గీత దాటింది ఆయనే. విశ్వాసంలోకి వచ్చాక లాయర్ ఆలోచన పక్కన పెట్టి, 1864 చివర్లో భార్య హారియెట్‌తో బోస్టన్‌లో ఓడ ఎక్కారు. 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరారు.

ఇక్కడ ఎర్రగుంట్ల పేరయ్య గురించి చెప్పకపోతే కథ సగమే. పేరయ్య మాదిగ, తోళ్ళ వ్యాపారం చేసేవారు. మనశ్శాంతి కోసం ఏళ్ళ తరబడి గురువుల దగ్గర యోగం నేర్చుకున్న మనిషి. వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్ళినప్పుడు క్రీస్తు గురించి విన్నారు. తను వెతుకుతున్నది ఇదే అనిపించింది. 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత తమ ఊరి వైపు రమ్మని క్లౌని పిలిచారు. 1867 జనవరిలో తాళ్లకొండపాడు దగ్గర 28 మంది చేరారు. అంటే ఉద్యమాన్ని మొదలుపెట్టింది దొర కాదు, పేరయ్య.

అప్పుడే అసలు పరీక్ష వచ్చింది. ఒంగోలులో పై కులాల వాళ్ళు క్లౌ మాటలు శ్రద్ధగా వింటున్నారు, పిల్లల్ని ఆయన బడికి పంపుతున్నారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం అని చెప్పేశారు. ఆ రోజు భార్యాభర్తలు వేరువేరు గదుల్లో బైబిల్ తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం కనిపించిందని చెబుతారు. లోకం నీచంగా చూసినవాళ్ళనే దేవుడు ఎంచుకున్నాడు అనే అర్థం వచ్చే మాటలు అవి. క్లౌ మాదిగల వైపే నిలబడ్డారు. బడి ఖాళీ అయింది. పల్లెల్లో విశ్వాసులు ఆదివారం పనికి రాం, జాతరలో డప్పు కొట్టం అన్నందుకు ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వలేదు.

తర్వాత 1876-78 నాటి మహా కరువు. పంటలు పోయాయి, తిండి లేదు, వెనకే కలరా. సాయం కోసం వచ్చినవాళ్ళ చేతిలో డబ్బులు పెట్టి పంపడం ఎన్నాళ్ళో సాగదు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే, క్లౌ దాదాపు మూడున్నర మైళ్ళ ముక్కకి కాంట్రాక్టు తీసుకున్నారు. ఎప్పుడో నేర్చుకున్న సర్వే పని అక్కడ అక్కరకొచ్చింది. వేలమందికి పని, కూలి, ఉండటానికి పాకలు. ఆయన బోధకులే మేస్త్రీలు. పని ఆగినప్పుడల్లా కూలీల మధ్య కూర్చుని, మత్తయి సువార్తలో బరువు మోసి అలసినవాళ్ళకి విశ్రాంతి ఇస్తానని యేసు చెప్పిన మాట వినిపించేవారు. నెత్తిన మట్టి తట్ట ఉన్న మనిషికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో ఊహించుకోండి.

నాకు ఆయన మీద గౌరవం పెరిగింది మాత్రం తర్వాత జరిగిన దాని వల్ల. కరువు సాగినంత కాలం, అంటే ఏడాదికి పైగా, ఎంతమంది అడిగినా ఆయన ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చినవాళ్ళు ఎవరో, నమ్మి వచ్చినవాళ్ళు ఎవరో తేలాలి కదా. కరువు తీరాక, ఇక నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, ఇళ్ళకి వెళ్ళండి అన్నారు. వాళ్ళు వెళ్ళలేదు. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మం కావాలన్నారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి. క్లౌ ఆ రోజు ఒడ్డునే ఉన్నారు.

ఇంత చేసినా తిండి ఆశ చూపి మార్చారన్న మాట ఆయనకి తప్పలేదు. ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. నా ఉద్దేశంలో ఆ ప్రశ్న అడగడం తప్పు కాదు. దాన్ని అందరికంటే ముందు అడిగింది క్లౌనే, తనని తాను. ఇంకో నిజం కూడా ఉంది. మతం మారినా కులం పోలేదు. ఈ రోజుకీ చర్చిలోనూ చట్టంలోనూ దాని మీద గొడవ నడుస్తూనే ఉంది. కానీ బావి దగ్గరికి రానివ్వని మనుషులకి, నువ్వూ విలువైనవాడివే అని చెప్పి వాళ్ళ పక్కన నిలబడటం చిన్న విషయం కాదు.

క్లౌ 1910 నవంబరులో అమెరికాలో చనిపోయారు. ఒంగోలులో ఆయన పేరుతో ఆసుపత్రి కట్టారు.

మనలో చాలామందికి సెమిస్టర్ మధ్యలో ఒక డౌట్ వస్తుంది, ఈ చదువంతా దేనికి అని. సర్వే గొలుసు పట్టుకున్న రోజుల్లో క్లౌకి కూడా తెలీదు, అది ఒక రోజు వేలమందికి అన్నం పెడుతుందని. శాంతి అంటే కష్టం లేకపోవడం అనుకుంటాం. పేరయ్యకీ ఆయనకీ దొరికిన శాంతి వాళ్ళని ఇంట్లో కూర్చోబెట్టలేదు, కరువులోకి పంపింది.